సలాకి 344 వచ్చాయి, మరి నా టీమ్ ఎందుకు ఓడింది?

గుమాస్తా జవాబులు: పాఠకుల ప్రశ్నలు

2025-26 ఫుట్‌బాల్ సీజన్ మొదలయ్యే ముందు వచ్చిన ఈ ఉత్తరాల్లో సగం ఆ ఆట మీదే. వడ్డీ లెక్కలు, చిట్టీ పాటలు, కౌలు పంపకాలు అడిగే ఈ శీర్షికలోకి ఫుట్‌బాల్ ఎలా వచ్చిందంటే తప్పు నాదే. మా మేనల్లుడి పోరు పడలేక ఫాంటసీ ప్రీమియర్ లీగ్ ఆడుతున్నానని జూన్ సంచికలో ఒక్క ముక్క రాశాను. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో ముప్పై రెండేళ్లు పద్దులు రాసినవాడికి ఈ ఆటేమిటని కొందరు, మా లెక్కలు కూడా చూడండని ఇంకొందరు రాశారు. రెండో రకం వాళ్లకే ఈ పేజీ.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఇంగ్లాండ్ ప్రీమియర్ లీగ్‌లో ఆడేవాళ్లలోంచి 15 మందిని మనం కాగితం మీద కొనుక్కోవాలి. అందుకు 100 మిలియన్ పౌండ్ల ఉత్తుత్తి డబ్బు ఇస్తారు. ఒక క్లబ్ నుంచి ముగ్గురికి మించకూడదు. వాళ్లు నిజం మైదానంలో గోల్ కొడితే, గోల్‌కి పాస్ ఇస్తే మనకి పాయింట్లు. ఒకణ్ణి కెప్టెన్ చేస్తే వాడి పాయింట్లు రెట్టింపు. వారానికి ఒక మార్పు ఉచితం, ఆపైన ఒక్కో మార్పుకి 4 పాయింట్ల కోత. ఇలా 38 వారాలు. ఇక ఉత్తరాల్లోకి వెళ్దాం.

ప్రశ్న: గుమాస్తా గారికి నమస్కారం. మాది విజయవాడ సింగ్‌నగర్. ఆటోనగర్‌లో స్పేర్‌పార్ట్స్ షాపులో పని చేస్తాను. 2024-25 సీజన్‌లో మా బావ చేతిలో 61 పాయింట్ల తేడాతో ఓడిపోయాను. సెప్టెంబరు వరదల్లో ఇంట్లోకి నీళ్లొచ్చి నాలుగు రోజులు మేడ మీదే ఉన్నాం. కరెంటు లేదు, ఫోన్‌లో చార్జింగ్ లేదు, టీమ్ ముట్టుకోలేదు. అక్కడే దెబ్బ తిన్నాను, లేకపోతే నేనే గెలిచేవాణ్ణి. ఇప్పుడు పోయిన సీజన్ ఆటగాళ్లందరి పాయింట్లు డౌన్‌లోడ్ చేసి పైనుంచి కిందికి వరసగా పెట్టుకున్నాను. లివర్‌పూల్ ఆటగాడు సలా 344తో మొదట ఉన్నాడు. ఆ వరస ప్రకారం డబ్బు సరిపోయినంతవరకు కొనుక్కుంటూ పోతే చాలు కదా? నా 38 వారాల కాగితాలు కూడా జత చేశాను. బావ వెక్కిరింపులకి తట్టుకోలేకపోతున్నానండీ.

జవాబు: తమ్ముడూ, ముందు ఆ వరద సంగతి తేల్చేద్దాం. దాన్ని నువ్వు వేయకూడని పద్దులో వేశావు.

ఆ వారం డెడ్‌లైన్, అంటే టీమ్ మార్చుకునే గడువు, ఆగస్టు 31 శనివారం, మన టైములో మధ్యాహ్నం మూడున్నర. బుడమేరు మీ పేటని ముంచింది ఆదివారం. అంటే నీళ్లొచ్చేటప్పటికే నీ టీమ్‌కి తాళం పడిపోయింది. నీకు ఫోన్ ఉన్నా ఒక్క పేరు మార్చగలిగేవాడివి కాదు. మరి ఆ తాళం వేసిన పెట్టెలో ఏముంది? హాలాండ్ కెప్టెన్, పక్కన సలా. శనివారం రాత్రి హాలాండ్ వెస్ట్‌హామ్ మీద మూడు గోల్స్ కొట్టాడు. ఆదివారం సలా మాంచెస్టర్ యునైటెడ్ మీద ఒక గోల్ కొట్టి, లూయిస్ డియాజ్ కొట్టిన రెండు గోల్స్‌కీ తానే పాస్ ఇచ్చాడు. నువ్వు మేడ మీద నుంచి పాల ప్యాకెట్ల పడవ కోసం చూస్తున్న రోజున నీ టీమ్‌కి 88 పాయింట్లు వచ్చాయి. నీ కాగితాల్లో అంతకంటే పెద్ద అంకె ఇంకొకటే ఉంది. తర్వాతి వారం దేశాల మ్యాచ్‌లు కాబట్టి లీగ్‌కి సెలవు, మళ్లీ ఆట మొదలైంది సెప్టెంబరు 14న. అప్పటికి నీ ఫోన్ చార్జింగ్ అయ్యే ఉంటుంది. వరదలో మీ ఫ్రిజ్ పోయింది, పరుపులు పోయాయి, అది అసలైన నష్టం. ఈ 61లో మాత్రం దానికి పైసా వాటా లేదు.

ఇక ఆ వరస. యార్డులో ఏడాది చివర మా షావుకారుకి 'ఇన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) అమ్మాం, ఇంత వచ్చింది' అని మొత్తం చెప్తే ఊరుకునేవాడు కాదు. 'ఎప్పుడెప్పుడు అమ్మావు?' అనేవాడు. జనవరిలో కొత్త కాయ వచ్చినప్పటి ధర వేరు, ఏప్రిల్‌లో యార్డు నిండా టిక్కీలు పడి ఉన్నప్పటి ధర వేరు. కోల్డ్ స్టోరేజీలో పెట్టి తీసినప్పటిది ఇంకా వేరు. మొత్తం ఒక్కటే అంకె కాబట్టి అందులో ఇవేవీ కనపడవు. అందుకే పద్దుని పండగలకి పండగలకి కోసి చూసుకోవడం నాకు అలవాటు. ఫుట్‌బాల్‌కీ అదే పని చేశాను. లాంగ్ నోట్‌బుక్‌లో ఒక పేజీ, అడ్డంగా అయిదు గళ్లు: వినాయక చవితి దాకా, దసరా దాకా, సంక్రాంతి దాకా, ఉగాది దాకా, రోహిణి కార్తె దాకా. సీజన్ చివరి మ్యాచ్‌లు మే 25న పడ్డాయి. రోహిణి కార్తె ప్రవేశించింది కూడా ఆ రోజే. అంత ఎండలో ఎనిమిదిన్నరకి ఫ్యాన్ కింద కూర్చుని చివరి గడి నింపాను.

ఆ పేజీ నుంచి ముగ్గురి వరసలు చెప్తాను, నువ్వూ కాగితం మీద వేసుకో.

మాంచెస్టర్ సిటీ ఆటగాడు హాలాండ్. చవితి దాకా 3 మ్యాచ్‌ల్లో 7 గోల్స్. దసరా గడి చూస్తే 10. ఆ పదీ మొదటి అయిదు మ్యాచ్‌ల్లోనే వచ్చాయి. సీజన్ మొత్తానికి ఎన్ని? 31 మ్యాచ్‌ల్లో 22. అంటే మిగిలిన 26 మ్యాచ్‌ల్లో 12. పదో గోల్ పడింది సెప్టెంబరు 22న ఆర్సెనల్ మీద. అదే మ్యాచ్‌లో సిటీ జట్టుకి నడుము లాంటి రోడ్రి మోకాలు దెబ్బతిని కూలబడ్డాడు, సీజన్ దాదాపు అంతా ఆడలేదు. మొదటి రెండు గళ్లలో ఉన్న సిటీ వేరు, తర్వాతి గళ్లలో ఉన్న సిటీ వేరు. జాబితాలో నీకు కనపడేది 181 అనే ఒక్క అంకె. అతని ధర 15 మిలియన్‌తో మొదలైందని కూడా అది చెప్పదు.

చెల్సీ ఆటగాడు పామర్. మొత్తం 214, చూడ్డానికి భేషుగ్గా ఉంది. సెప్టెంబరు 28న బ్రైటన్ మీద ఫస్టాఫ్‌లోనే నాలుగు గోల్స్ కొట్టాడు. ప్రీమియర్ లీగ్‌లో అంతకు ముందు ఎవరూ ఆ పని చేయలేదు. ఆ ఒక్క మ్యాచ్‌కే 25 పాయింట్లు. సంక్రాంతి నాడు బోర్న్‌మత్ మీద ఒకటి కొట్టాడు, మన టైము ప్రకారం అప్పటికి అర్ధరాత్రి దాటి కనుమ వచ్చేసింది. దాంతో 14 అయ్యాయి. ఇక అంతే. మళ్లీ లీగ్‌లో గోల్ మే 4న, అదీ పెనాల్టీ. సంక్రాంతి తర్వాతి గళ్లలో ఒక్క గోల్! నువ్వు అతణ్ణి కొన్నది ఎప్పుడో నీ కాగితంలో చూశాను. జనవరి మూడో వారం.

ఇక సలా. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే 344 మామూలు అంకె కాదు. అంతకు ముందు రికార్డు 303, అది కూడా అతనిదే, 2017-18లో. ఈ 344 ఎలా వచ్చిందో విప్పి చూడు. 38 మ్యాచ్‌లూ ఆడాడు, ఆడినందుకే 76. గోల్స్ 29. ఆటలో అతణ్ణి మిడ్‌ఫీల్డర్ల జాబితాలో పెట్టారు. మిడ్‌ఫీల్డర్ గోల్‌కి 5 పాయింట్లు, ఫార్వర్డ్ గోల్‌కి 4. అందుకని గోల్స్ మీద 145. అవే 29 ఫార్వర్డ్ అయిన హాలాండ్ కొట్టి ఉంటే 116 వచ్చేవి. జాబితా మారినందుకే 29 పాయింట్లు తేడా! మిగతా 123 అసిస్టులు (గోల్‌కి ఇచ్చిన పాస్‌లు), బోనస్ (మ్యాచ్‌లో బాగా ఆడినవాళ్లకి ఇచ్చే అదనపు పాయింట్లు), క్లీన్‌షీట్ (జట్టు ఒక్క గోల్ కూడా ఇవ్వకపోవడం) లాంటి వాటివి.

ఇప్పుడు గళ్లలో చూడు. మార్చి 8న సౌతాంప్టన్ మ్యాచ్ అయ్యేటప్పటికి 29 మ్యాచ్‌ల్లో 27 గోల్స్. ఉగాది మార్చి 30. ఉగాది తర్వాత 9 మ్యాచ్‌లు, గోల్స్ రెండు, అసిస్టు ఒకటి. ఆ రెండింట్లో ఒకటి లివర్‌పూల్ టైటిల్ గెలిచిన టాటన్‌హమ్ మ్యాచ్‌లో, రెండోది చివరి రోజు క్రిస్టల్ ప్యాలెస్ మీద. మరి నువ్వు ట్రిపుల్ కెప్టెన్ చిప్, అంటే కెప్టెన్ పాయింట్లని ఒక వారానికి మూడు రెట్లు చేసే ప్రత్యేక అవకాశం, వాడింది ఏ రోజు? ఏప్రిల్ 6, ఫుల్హమ్ మ్యాచ్. శ్రీరామనవమి కదా, పానకం తాగి నమ్మకంగా నొక్కి ఉంటావు. గోలూ లేదు, అసిస్టూ లేదు, ఆడినందుకు వచ్చే రెండు పాయింట్లే. రెండుమూళ్లు ఆరు. డిసెంబరు 22న అదే సలా టాటన్‌హమ్ మీద రెండు గోల్స్, రెండు అసిస్టులు. బోనస్ పక్కన పెట్టినా 18. ఆ రోజు నీ కెప్టెన్ ఎవరు? హాలాండ్. అప్పటికి రోడ్రి పడిపోయి మూడు నెలలు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. డిసెంబరులో కూర్చుని ఉగాది తర్వాత సలాకి గోల్స్ పడవని ఎవరూ చెప్పలేరు. నేనూ చెప్పలేదు, ఏప్రిల్ అంతా అతన్నే కెప్టెన్‌గా పెట్టుకున్నాను. కానీ హాలాండ్ సంగతి చెప్పడానికి జ్యోతిషం అక్కర్లేదు. దీపావళి నాటికే గడి దాదాపు ఖాళీగా కనపడుతోంది. నువ్వు గడి చూడకుండా మొత్తం చూశావు. మొత్తంలో ఆ పది గోల్స్ అలాగే మెరుస్తూ ఉన్నాయి మరి.

ఇప్పుడు అసలు రంధ్రం ఎక్కడుందో చెప్తాను. నీ కాగితాల్లో కుడివైపు చివర చిన్న అంకెలతో ఒక వరస ఉంటుంది, మార్పుల ఖర్చు. ఎవరూ దాన్ని కూడరు. నేను కూడి చూశాను. 21 అదనపు మార్పులు, ఒక్కోటి 4, మొత్తం 84. బావ నిన్ను ఓడించింది 61తో. తెచ్చినవాళ్లు కొంత తిరిగి సంపాదించి పెట్టారు, కాదనను. అందుకే ఒక్కొక్కటీ తీసి చూశాను. 21లో 13 మార్పుల్లో నువ్వు అమ్మినవాడు, కొన్నవాడికంటే తర్వాతి రెండు వారాల్లో ఎక్కువ తెచ్చాడు.

వాటిలో ఒకటి చూస్తే నాకు నిద్ర పట్టలేదు. నాటింగ్‌హమ్ ఫారెస్ట్ జనవరి 25న బోర్న్‌మత్ చేతిలో 5-0తో ఓడింది. నీ దగ్గర ఆ జట్టు ఆటగాడు క్రిస్ వుడ్ ఉన్నాడు, 6.0 మిలియన్‌కి కొన్నవాడు, బంగారం లాంటి బేరం. కంగారుపడి ఆ వారం 4 పాయింట్లు కట్టి మరీ అతణ్ణి తీసేశావు. మార్పు చేసిన టైము కూడా రాసుకున్నావు, శనివారం మధ్యాహ్నం 3:50. ఫిబ్రవరి 1, కేంద్ర బడ్జెట్ పెట్టిన రోజు. డెడ్‌లైన్ నాలుగున్నర, ఆరింటికి మ్యాచ్ మొదలు. ఫారెస్ట్ 7, బ్రైటన్ 0. వుడ్ మూడు గోల్స్. బోనస్ కాక 14. ఒక్క వారం కుళ్లు కాయ కనపడితే టిక్కీ మొత్తం తాలు కింద అమ్మేసే రైతుని చూశాను గానీ, అమ్మడానికి ఎదురు డబ్బు కట్టినవాణ్ణి నిన్నే చూశాను.

వాడని ఉచిత మార్పుల్ని అయిదు దాకా దాచుకోవచ్చని 2024-25 సీజన్‌లో రూల్ వచ్చింది. మీ బావ చేసిందదే. అతను ఆటగాళ్లని నీకంటే బాగా ఎంచుకున్నాడనడానికి నువ్వు పంపినవాటిలో నాకు ఆధారం దొరకలేదు. ఊరికే కూర్చున్నాడు, అంతే. ఈ మాట ఆయనకి చెప్పకు, ఇంకా ఎగురుతాడు.

వరసగా కొనడం గురించి అడిగావు. వద్దు. 2023లో తేజ రకం మిర్చి క్వింటాలు 20 వేలు దాటింది చూసి ఎంతమంది చేలల్లో మిర్చి వేశారో నాకు తెలుసు. 2025 ఫిబ్రవరికి ధర ఎంత పడిందంటే కేంద్రం 11,781 రూపాయల లెక్కన ఆదుకుంటామని ప్రకటించాల్సి వచ్చింది. పాత ధర అబద్ధం కాదు. అది ఆ ఏటి విస్తీర్ణానికి, ఆ ఏటి తెగుళ్లకి, ఆ ఏటి ఎగుమతులకి వచ్చిన ధర. సలా 344 కూడా అంతే. వెనకనుంచి అతనికి బంతులు అందించిన అలెగ్జాండర్-ఆర్నాల్డ్ రియల్ మాడ్రిడ్‌కి వెళ్లిపోయాడు. 2025 డిసెంబరులో ఆఫ్రికా కప్ (ఆఫ్రికా దేశాల పోటీ) ఉంది, సలా ఈజిప్టుకి ఆడాలి. ధరేమో 12.5 నుంచి 14.5కి ఎక్కింది. కొనొద్దని అనను. 344 వస్తాయని కొనకు అంటున్నాను.

ఎంబ్యూమోదీ ఇదే కథ. 7.0 ధరకి 236 పాయింట్లు, అంటే ఒక్కో మిలియన్‌కి 33 పైనే. సలాకి కూడా అంత పడలేదు, 27 చిల్లర. 38 మ్యాచ్‌లూ ఆడాడు, 20 గోల్స్. కానీ అవన్నీ బ్రెంట్‌ఫర్డ్ చొక్కాలో, పెనాల్టీలు తన చేతిలో ఉన్నప్పుడు. ఇప్పుడు అతను మాంచెస్టర్ యునైటెడ్. అక్కడ పెనాల్టీలు కొట్టేది బ్రూనో ఫెర్నాండెజ్. జాబితాలో 236 పక్కన ఈ ముక్క ఎక్కడా రాసి ఉండదు.

మిలియన్‌కి ఇన్ని అనే లెక్క కూడా మితిమీరి నమ్మొద్దులే. చవకవాళ్లతో టీమ్ నింపితే కెప్టెన్ పట్టీ ఎవరికి కడతావు? సలాని 38 వారాలూ కెప్టెన్‌గా ఉంచినవాడికి ఒక్క సీటు నుంచే 688 వచ్చాయి. మైదానంలో సీట్లు పదకొండే.

ప్రశ్న: సార్, నేను గుంటూరు విద్యానగర్‌లో ఉంటాను, బీటెక్ రెండో సంవత్సరం. మీరు గోల్స్ లెక్కే చెప్తారు. ఇప్పుడందరూ ఎక్స్‌పెక్టెడ్ గోల్స్ చూస్తున్నారు. క్రిస్ వుడ్ తనకి వచ్చిన అవకాశాలకంటే చాలా ఎక్కువ కొట్టాడంటున్నారు. ఈ ఏడు 7.5 పెట్టి కొనొచ్చా?

జవాబు: ముందు ఆ మాట అర్థం మిగతావాళ్లకి చెప్పనీ బాబూ. ఒక షాట్ ఎక్కడినుంచి, ఏ కోణంలో కొట్టారో చూసి, అలాంటివి పాతరోజుల్లో వందకి ఎన్ని గోల్స్ అయ్యాయో లెక్క కడతారు. పెనాల్టీ అయితే సుమారు 0.8. ఇరవై అయిదు గజాల దూరం నుంచి కొట్టింది అయితే ఎంతో తక్కువ. అవన్నీ కూడితే ఈ ఆటగాడికి మామూలుగా ఎన్ని గోల్స్ పడాల్సిందో తేలుతుంది. కాయని చూసి 'ఇది ఇంత పలకాలి' అని దళారి చెప్పే మాట లాంటిది. పాటలో పలికింది వేరే అంకె.

వుడ్ పాటలో బాగా పలికాడు. 20 గోల్స్, 200 పాయింట్లు. అలా ఎక్కువ పలికినవాళ్లలో చాలామంది మరుసటి ఏడు తమ మామూలు ధరకి దిగుతారు. అది తిట్టు కాదు, లెక్క. ఇంకో సంగతి, అతనికి బంతులు అందించిన ఎలాంగా జులైలో న్యూకాజిల్‌కి వెళ్లిపోయాడు. పోయిన సీజన్‌లో ఎలాంగా అసిస్టులు 11. వుడ్‌కి 2025 డిసెంబరులో 34 ఏళ్లు నిండుతాయి. 6.0కి అయితే కళ్లు మూసుకుని కొనేవాణ్ణి. 7.5కి నేను కొనను. నువ్వు కుర్రాడివి, ధైర్యముంటే మొదటి రెండు మూడు వారాలకి తీసుకో.

ప్రశ్న: గుమాస్తా గారూ, 2025 ఏప్రిల్ 1న డెడ్‌లైన్ ఒక గంట ముందే మూసేశారు. ఫోన్‌లో పాత టైము పెట్టుకుని ఉన్నాను. ఇది మోసం కాదా? (విజయవాడ, భవానీపురం నుంచి)

జవాబు: కాదు నాయనా. ఇంగ్లాండ్‌లో ఎండాకాలానికి గడియారాలు గంట ముందుకి జరుపుతారు, మార్చి ఆఖరి ఆదివారం. 2025లో అది సరిగ్గా మన ఉగాది రోజే పడింది. చలికాలమంతా వాళ్లకీ మనకీ అయిదున్నర గంటల తేడా, ఉగాది నుంచి నాలుగున్నర. సాయంత్రం 6:15కి పెట్టిన డెడ్‌లైన్ మనకి 11:45 అనుకుంటే 10:45కే అయిపోయింది.

నాకెలా తెలుసంటే నేనూ ఆ రాత్రి పదకొండింటికి తీరిగ్గా పెరుగన్నం తిని, చెయ్యి కడుక్కుని ఫోన్ తీశాను. ఆర్సెనల్ ఆటగాడు సాకా గాయం నుంచి కోలుకున్నాడు, తీసుకుందామని. తాళం. ఆ రాత్రే ఫుల్హమ్ మీద సబ్‌స్టిట్యూట్‌గా దిగి గోల్ కొట్టాడు. పద్దులు రాసే మనిషిని, గడియారం తప్పాను. మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. అక్టోబరు ఆఖరి ఆదివారం మళ్లీ వెనక్కి జరుపుతారు. అప్పుడు తప్పినా మనకి గంట కలిసొస్తుంది గానీ పోదు.

ప్రశ్న: అన్నగారికి నమస్కారం. మాది గుంటూరు అరండల్‌పేట. మా అబ్బాయి ఇంటర్ సెకండియర్. రాత్రి పదకొండింటికి ఫోన్ పట్టుకుని కెప్టెన్ ఎవరంటూ తిరుగుతున్నాడు. ఫాంటసీ అంటే జూదమని టీవీలో విన్నాను. నాకు భయంగా ఉంది. మీరూ ఆడతారంటున్నారు, పెద్దవారు, మీరే చెప్పండి.

జవాబు: అమ్మా, మీ భయం సరైనదే, కాకపోతే రెండు వేర్వేరు వస్తువులకి ఒకే పేరు ఉంది. నేను ఆడే ప్రీమియర్ లీగ్ వాళ్ల ఆటకి చేరడానికి డబ్బు కట్టక్కర్లేదు, పాయింట్లు డబ్బుగా మారవు. డబ్బు కట్టి జట్టు పెట్టి గెలిస్తే డబ్బిచ్చే యాప్‌లు వేరే ఉండేవి. పందెం కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని మన రాష్ట్రంలో 2020లోనే 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి నిషేధించారు.

బాబుని కూర్చోబెట్టి 'నీ టీమ్ చూపించరా' అని అడగండి. తిట్టకుండా అడగండి, గర్వంగా చూపిస్తాడు. అక్కడ ఎక్కడైనా డబ్బు వేసే చోటు, వాలెట్ అనే మాట కనపడిందా, అది నేను చెప్పే ఆట కాదు. అప్పుడు బ్యాంకు మెసేజీలు కూడా ఒకసారి చూడండి. ఏమీ లేదంటే మీ అబ్బాయి చేస్తున్నది కూడికలు, తీసివేతలే. రాత్రి పదకొండు సంగతి మాత్రం మీ ఇష్టం. శుక్రవారం మ్యాచ్ ఉన్న వారాల్లో డెడ్‌లైన్ ఆ టైముకే పడుతుంది, మధ్యాహ్నమే టీమ్ పెట్టేసుకోమనండి. మా ఇంట్లో అదే ఒప్పందం.

ప్రశ్న: డిఫెండర్ల పాత పాయింట్లు చూసి కొంటే తప్పా? కొత్త రూల్ ఏదో వచ్చిందట. (తెనాలి నుంచి)

జవాబు: 2025-26 సీజన్‌కి వచ్చింది. డిఫెండర్ ఒక మ్యాచ్‌లో టాకిల్స్, అడ్డుకున్న షాట్లు, మధ్యలో కొట్టేసిన పాస్‌లు, దూరంగా తన్నేసిన బంతులు అన్నీ కలిపి 10 చేస్తే 2 పాయింట్లు. మిడ్‌ఫీల్డర్లకి, ఫార్వర్డ్‌లకి తిరిగి చేజిక్కించుకున్న బంతులు కూడా కలిపి 12 చేయాలి. కాబట్టి పాత జాబితా పాత కాటా మీద తూచింది. కింది జట్లలో రోజంతా బంతి తన్నుకుంటూ బతికే సెంటర్‌బ్యాక్‌లు ఆ జాబితాలో మరీ కింద ఉంటారు, ఈ ఏడు వాళ్లు పైకి రావచ్చు. పాత మొత్తాలు వదిలేసి ఆ నాలుగు పనుల లెక్క వెతుక్కోండి. చిప్‌లు కూడా ఒక్కో రకానికి రెండేసి ఇచ్చారు. ఆఫ్రికా కప్ కోసం పదహారో వారానికి ఉచిత మార్పులు అయిదుకి నింపుతారట. సింగ్‌నగర్ తమ్ముడు ఈ వాక్యం రెండుసార్లు చదువుకోవాలి.

ప్రశ్న: ఇన్ని చెప్పారు, మీ టీమ్ ఏది? మీ కెప్టెన్ ఎవరు? (చాలామంది)

జవాబు: 2025 ఆగస్టు 15 శుక్రవారం రాత్రి పదకొండింటికి డెడ్‌లైన్. పదకొండూ అయిదుకి ఎవరు ఫోన్ చేసినా చెప్తాను. అంతకు ముందు చెప్పను, మా మేనల్లుడు ఈ పత్రికకి చందాదారుడు.